రెగ్యులేటరు

మా ఇంట్లో గొడవంతా ఆ నల్లబిళ్ల మీదే.
ఆయన అయిదులో పెడతాడు,
నేను రెండుకి తిప్పుతాను.
రాత్రి మంచినీళ్లకని ఎవరు లేచినా
దాని మీద ఓ చెయ్యి వేసే తిరిగొచ్చేది.

కందుకూరులో మే నెల.
పామూరు రోడ్డు తారు చెప్పుకి అంటుకుంటోంది.
రోహిణికి రోళ్లు పగులుతాయంటారు గానీ
మా వీధిలో పగిలింది
కూలర్లు బాగుచేసే మస్తాన్ నిద్ర ఒక్కటే.

"ఈ ఉక్కలో దుప్పటేందే నీకు!
మనిషివా, బల్లివా?" అంటాడు మాలకొండయ్య.
బల్లినే అంటాను.
గోడ వెచ్చగా ఉంటే చాలు
వీపు ఆనించాలనిపిస్తుంది.

ఎందుకలా అంటే చెప్పటం నా వల్ల కాలేదు.
ఒంటి తీరు అన్నాడు ఆరెంపీ డాక్టరు.
రక్తం పల్చన అంది మా అత్త.
నాకు గుర్తొచ్చేదల్లా
కొండపి దగ్గర మా పొగాకు బేరన్ గోడ.

పుష్యమాసం. మంచుకి పక్కచేను కూడా కనపడదు.
ఆకు కర్రలెక్కించి తలుపు మూశాక
అయిదు రాత్రులు మా నాయనకి కునుకు లేదు.
చిన్న అద్దంలోంచి టార్చి కొట్టి
ధర్మామీటరు చూసి
పొయ్యిలోకి ఇంకో తుమ్మమొద్దు నెట్టేవాడు.
నేనూ చెల్లెలూ గోనెపట్టా కప్పుకుని
ఆ గోడకి వీపులంటించి పడుకునేవాళ్లం.
లోపల ఆకు పచ్చ నుంచి పసుపుకి తిరుగుతుంటే
ఆ తియ్యటి ఘాటు మా జడల్లోకి దిగేది.
ఏ నడిరాత్రో నాయన అరచెయ్యి
గోడ మీద ఆనేది, వేడి ఎంతుందోనని.
తర్వాత నా నుదుటి మీద.
రెండూ ఒకే చేత్తో చూసేవాడు.

ఆయనది ఇంకో లెక్క.
పాకల వైపు ఉప్పుకయ్యల్లో
గట్టు మీద, కట్టెకి కట్టిన చీరె నీడలో పెరిగాడు.
ఎండ పైనుంచే కాదు, కింద నుంచి కూడా కొట్టేదట,
కళ్లు ఎక్కడ దాచుకోవాలో తెలిసేది కాదట.
మడమ పగుళ్లలోకి ఉప్పునీళ్లు.
"ఎండ బాగుంటదా? నా బొంద బాగుంటది!"
ఫ్యాను మళ్లీ అయిదు.

అంతేననుకున్నా ఇన్నాళ్లూ.
ఆయన చల్లదనం మనిషి, నేను వెచ్చదనం మనిషి,
మధ్యలో వేలెడు బిళ్ల.

నిన్న సాయంత్రం తూర్పున మబ్బు లేచింది.
వీధి వీధంతా బయటికొచ్చింది.
పిల్లలు చొక్కాలు విప్పేశారు.
గిరాకీ పోతుందన్న సంగతి కూడా మరిచి
మస్తాన్ స్క్రూడ్రైవరుతోనే రోడ్డు మధ్య నిలబడ్డాడు
మొహం పైకెత్తి.
మా ఆయన ఒక్కడూ లోపలికి పోయాడు.

వెళ్లి చూస్తే
వంటింట్లో ఉప్పుజాడీకి గుడ్డ బిగించి కట్టి
అటక మీదికి ఎత్తుతున్నాడు.

"ఏందది?" అన్నా.
తన చేతులు తనే చూసుకున్నాడు, ఎవరివో అన్నట్టు.
"ఒక్క జల్లు చాలు," అన్నాడు,
"ఇరవై రోజుల రెక్కలు నీళ్లయిపోతాయి.
అమ్మ మబ్బుని తిట్టేది చూడు,
అట్టాంటి తిట్లు మళ్లీ వినలా."
నవ్వబోయి ఆగాడు.
"ఎండ కొట్టినన్నాళ్లూ ఒళ్లు కాలేదే గానీ
భయం ఉండేది కాదు."

మబ్బు నాలుగు చినుకులు విదిల్చి
కనిగిరి వైపు పోయింది.
పోతూ కరెంటు కూడా పట్టుకుపోయింది.
ఫ్యాను ఇప్పుడు అయిదులోనూ లేదు, రెండులోనూ లేదు.

మిద్దె మీద చాప వేశాం.
పగలంతా తాగిన ఎండని సిమెంటు ఇంకా వదల్లేదు.
ఆయన తడి తువ్వాలు గుండెల మీద పరుచుకుని
కరెంటోళ్లని తిడుతున్నాడు,
వాళ్లమ్మంత బాగా కాదు.
నేను పిట్టగోడకి వీపు ఆనించాను.

కాసేపటికి ఊరికే చెయ్యి చాచి
ఆయన నుదురు చూశాను.

"చెయ్యి కాలిపోతోందే నీది," అన్నాడు.
తియ్యమని మటుకు అనలేదు.